హాజరు పట్టీలో పదిహేడో పేరు

అర్థమైందా అని అడగడం
ముప్పై ఏళ్ల బడిపంతులుకు ఊతపదం.
నలభై తలలు ఊగుతాయి.
అర్థంకాని తలలే ముందు ఊగుతాయని
మా వృత్తిలో అందరికీ తెలుసు.

ఐదో తరగతి, కిటికీ పక్క బల్ల,
ఒర్యేమా.
వాడు తెలిస్తేనే ఊపేవాడు.
తెలియకపోతే పెన్సిల్ కొరుకుతూ
నా మొహంలోకే చూసేవాడు
తప్పు నాదన్నట్టు.
చాలాసార్లు నాదే.

ఆ ఏడు నువ్వుచేలు కోసే రోజుల్లో
మధ్యాహ్నం గంజి గిన్నె ముందు
వాడి తల ఊగింది.
ఎవరూ ఏమీ అడగలేదు.
గడ్డం రొమ్ముకు తగిలింది, లేచింది, మళ్లీ వాలింది.
కునికిపాటు అనుకుందామంటే
కళ్లు తెరిచే ఉన్నాయి.
పిల్లలు నవ్వారు.
తొండలా ఆ ఊపుడేంట్రా అన్నాను నేను.
అన్నాను. పంతుల్ని కదా,
చెరిపేయడానికి డస్టర్ ఉంటుందనుకుంటాను అన్నిటికీ.

అన్నం చూస్తే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది.
వాడికి రాగి సంకటి ఆవిరి తగిలితే
ప్రాణం ఎటో వెళ్లి
కాసేపటికి, కొంచెం తక్కువై, తిరిగొచ్చేది.

ఆచ్వా నది మీది నల్ల ఈగ అన్నారు.
యుద్ధంలో పూడ్చకుండా వదిలేసిన వాళ్లన్నారు.
శిబిరంలో పంచిన బీన్స్ గింజలన్నారు.
ఎవరి మాట వాళ్లదే.
వాళ్లమ్మ లాలాం ఎవరి మాటా కాదనలేదు,
అందరికీ మంచినీళ్లిచ్చి పంపింది.

పన్నెండో ఎక్కం దాకా ఎక్కినవాడు
దిగడం మొదలెట్టాడు.
ముందు భిన్నాలు పోయాయి.
తర్వాత భాగహారం. శేషం ఎక్కడ రాయాలో
వేలు పెట్టి చూపించినా
ఆ వేలినే చూసేవాడు.
ఏడో ఎక్కం దగ్గర ఒక నెల నిలబడ్డాడు.
ఏడు ఎనిమిదులు... అని ఆగి
నా మొహంలోకి చూశాడు, అదే పాత చూపు.
ఈసారి తప్పెవరిదో నాకు తెలియలేదు.

మూడో తరగతికి దించారు.
చెల్లెలు అబేర్ అక్కడే కలిసింది వాణ్ని.
ఒక ఏడాది ఒకే బల్ల మీద కూర్చుని
అన్న చొంగ తన గౌను అంచుతో తుడిచి
దాటిపోయింది.
తర్వాత ఒకటో తరగతి.
మోకాళ్లు బల్లకంటే ఎత్తు.
తర్వాత, బడి గోడ అవతల.

నెలకు ముప్పై మాత్రలు కావాలి,
ఆస్పత్రికి వచ్చేవి ఇరవై.
లాలాం కత్తితో మాత్రను చీలుస్తుంది,
మొదటి వారం ఇంత, చివరి వారం ఇంత.
బడి మొహం చూడని మనిషి.
నేను నేర్పలేకపోయిన భిన్నాలన్నీ
ఆమె చాట మీద ఉన్నాయి.

పొలానికి వెళ్లేటప్పుడు
వాడి కాలికి తాడు కడుతుంది.
రెండుసార్లు నిప్పులో పడ్డాడు,
ఎడమచేతికి మూడే వేళ్లిప్పుడు.
రాజధాని నుంచి వచ్చినావిడ
ఆ తాడును ఫోటో తీసుకుపోయింది.
నేను ముడి చూశాను.
కింద పాత గుడ్డ చుట్టి ఉంది, ఒరుసుకోకుండా.
వేలు దూరేంత వదులు.
ఆ వదులు ఎంతుండాలో తేలడానికి
ఎన్ని పొద్దులు పట్టాయో అడగలేదు.

ఈ జనవరిలో కొత్త హాజరు పట్టీ ఇచ్చారు.
పేర్లు తిరగరాస్తూ పదిహేడు దగ్గర
సిరా ఆరిందని రెండుసార్లు కలం విదిలించాను.
ఆరలేదు.
రాశాను. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగితే
ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.

ఆదివారాలు సైకిల్ మీద వెళ్తాను, పలకతో.
నేను గీత గీస్తాను.
వాడు దాని పక్కన ఏదో గీస్తాడు, ఒక్కోసారి
దాని మీదే, ఒక్కోసారి నా చొక్కా మీద.
మొన్న లేస్తూ, వచ్చే వారం వస్తాను,
అర్థమైందా, అన్నాను.
నోరు జారింది.

వాడు తల ఊపలేదు.
సుద్దముక్క పళ్ల మధ్య పెట్టుకుని
కొరుకుతూ
నా మొహంలోకే చూశాడు.

చాలాసేపు సైకిల్ స్టాండు తీయలేదు నేను.