ఆరో నంబరు ఫారం

అంగన్‌వాడీలో మిగిలిన గుడ్లు లెక్కపెట్టి తాళం వేశాక
నా రెండో ఉద్యోగం మొదలవుతుంది.
చంకలో ఓటర్ల జాబితా, జడలో దోపిన నీలం పెన్ను,
సింగ్‌నగర్‌లో బుడమేరు వైపు తిరిగే మా సందు.

మొదటిల్లు పోతినవారిది. తాళం.
పదకొండేళ్లుగా కూకట్‌పల్లిలో కాపురం, ఓటు మాత్రం ఇక్కడ.
పోలింగు ముందురోజు శాతవాహనలో దిగి,
పొద్దున్నే వేలిమీద చుక్క పెట్టించుకుని,
మా సందు కుళాయికి పెద్దెవరో తేల్చి వెళ్లిపోతారు.

రెండో ఇంట్లో వీర్రాఘవమ్మ గారు పోయి మూడేళ్లు.
జాబితాలో డెబ్బై రెండు దగ్గర ఆగి
రూపాయంత బొట్టుతో నన్నే చూస్తోంది.
కొట్టేయాలంటే వేరే ఫారం, కొడుకు సంతకం.
"ఇంకో వారం ఆగండి మేడం" అంటాడు.
ఆగుతాను. ఆవిడ ఎటు పోతుంది గనక!

మూడింటికీ నాలుగింటికీ మధ్య
అపార్టుమెంటు మెట్లకింద గది. డోరు నంబరు లేదు.
నా కాగితాల లెక్కన అక్కడ ఇల్లే లేదు.
అందులో తుల్‌బహదూర్, వాళ్లావిడ జున్‌కిరీ, ఇరవై మూడేళ్లుగా.
కాలీకోట్ ఎక్కడయ్యా అంటే
"రైలు అయిపోయాక బస్సు, బస్సు అయిపోయాక కాళ్లు" అంటాడు.
అక్కడ ఓటుందట. చివరిసారి ఎప్పుడేశాడో గుర్తులేదట.
"అక్కడ పేరుంది, మనిషి లేడు. ఇక్కడ..."
మిగతాది చెప్పకుండా టీ గ్లాసు అందించాడు.

వరదొచ్చిన ఆదివారం సందంతా లేపింది
అతని విజిలే.
డయాలసిస్‌కి వెళ్లాల్సిన రాజరత్నం గారి భార్యని
నీలం డ్రమ్ము మీద కూర్చోబెట్టి
మెడలోతు నీళ్లలో ఫ్లైఓవరు దాకా తోసుకెళ్లాడు.
నీళ్లు తీశాక, సాయం రాసుకునే కుర్రాడు
రేషన్ కార్డు అడిగాడు.
తుల్‌బహదూర్ గేటు తెరిచి పక్కకి నిలబడ్డాడు,
అలవాటు కొద్దీ.

మా ఆయన అంటాడు:
"గేటు కాసినోడల్లా ఇంట్లో వాటాదారా?
ఓ దేశపు ఓటు జేబులో ఉండగా ఇక్కడ ఇంకోటా?
ఇవాళ ఇతను. రేపు ఎవరెవరో."
కాదనలేను. రెండు పడవల సామెత నాకూ తెలుసు.
కానీ ఢిల్లీ సంగతి కాదు నేననేది.
కాలవ మీద మూతకి, చెత్తబండి వేళకి,
మూలమీద చచ్చిన వీధిలైటుకి...
అంత చిన్న ఓటు ఉండదా?
మా ఆయన టీవీ సౌండు పెంచాడు.

శనివారం నా బల్ల దగ్గరికి వాళ్లమ్మాయి మన్‌సరా వచ్చింది.
పాతాసుపత్రిలో పుట్టింది, నా దగ్గరే ఓనమాలు దిద్దింది.
దస్తూరి ముత్యాలు కదా అని
సందంతా దాని చేతే రాయించుకుంది.
ఇన్నాళ్లూ జాబితాకెక్కని మస్తానమ్మకి
"దివిసీమ ఉప్పెననాటికి చంకబిడ్డవా, నడిచేదానివా?" అని అడిగి
వయసు లెక్కగట్టింది.
మధ్యాహ్నానికి ఇరవై ఆరు ఫారాలు.
ఇరవై ఏడోది తనముందు పెట్టుకుంది.
"నాకూ పద్దెనిమిది నిండాయి మేడం."

పేరు రాసింది. తండ్రి పేరు రాసింది.
డోరు నంబరు దగ్గర "మెట్లకింద" అని రాసింది.
చివర్న అచ్చులో ఉన్న ఒక్క వాక్యం దగ్గర
పెన్ను ఆగింది: నేను భారత పౌరురాలిని.

మంచినీళ్ల మిషమీద నేను అటు తిరిగాను.
ఎందుకు తిరిగానో నన్నడక్కండి.
గ్లాసు నిండి, పొర్లి, చెయ్యి తడిసేదాకా
ఇటు చూడలేదు.

చూసేసరికి పెన్నుకి మూత పెట్టేసి ఉంది.
"అబద్ధం రాస్తే మీ ఉద్యోగానికి ఇబ్బంది కదా మేడం."
మస్తానమ్మ ఫారం మీద ఫొటో సరిగ్గా అంటలేదని
బొటనవేలితో నొక్కుతూ కూర్చుంది.

తహశీల్దారాఫీసులో లెక్క అప్పజెప్పాను.
నింపినవి ఇరవై ఆరు, చెడిపోయినది ఒకటి.
"ఎలా చెడింది?" అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.
టీ ఒలికిందన్నాను.