ఏడో ప్రశ్న

ఫారం ఒడియాలో ఉంటుంది.
కాశీనగర్‌లో నేను దాన్ని తెలుగులో అడుగుతాను.
పేరు, వయసు, పిల్లలెందరు, ఆఖరిదానికి ఎన్నో నెల.
అంతవరకూ రెండు భాషలూ
ఒకే పడవలో వంశధార దాటేస్తాయి.

ఏడో ప్రశ్న దగ్గర పడవ ఆగుతుంది.
మొనొ భొలొ ఒఛి కి?
మనసు బాగుందా అంటే
తవిటమ్మ వెనక్కి తిరిగి చూసింది
ఇంకెవరినో అడిగాననుకుని.

మళ్లీ అడిగాను.
"ఒంట్లో బాగానే ఉందమ్మా" అంది,
చేతులు కొంగు కింద దాచుకుంటూ.

ఆవేళ షెడ్డుకి సరుకు రాలేదు కాబట్టి దొరికింది.
లేకపోతే తెల్లారకుండా వెళ్లి
దీపాలవేళకి గానీ రాదు.
ఎనిమిది గంటలని గోడమీద రంగుతో రాసే ఉంది.
కూలి మాత్రం గంటలకి కాదు, కిలోలకి.
జీడిపిక్కల నూనె వేళ్ల కొసల్ని తినేసింది.
రేషను కొట్లో మిషను నాలుగుసార్లు వత్తించుకుని
ఈమె ఈమె కాదంది.

బూడిదతో తోమి, కొబ్బరినూనె రాసి, మళ్లీ కడిగి
ఎత్తుకున్నా సరే
ఒకరోజు గుంట బుగ్గ పొక్కింది.
అప్పట్నుంచి
మోచేతుల్తో ఎత్తుకుంటోంది.

ఇవేవీ నేనడిగితే చెప్పినవి కావు.
నిద్ర ఎన్ని గంటలు అన్నచోట చెప్పింది.
"పడుకున్నా కొడతానే ఉంతానమ్మా.
కళ్లు మూస్తే టక్కు టక్కు.
గుంటేడిస్తే అదీ టక్కులాగే ఇనిపిస్తాది.
ఒకోపాలి నెగను.
లెక్క తప్పిపోద్దని."
అనేసి నాలుక కరుచుకుంది.
గోడవైపు పడుకున్న పిల్లని చూసింది,
విన్నదేమోనని.

దీన్ని ఏ గడిలో రాయాలి?
ఉన్నవి మూడే.
ఎప్పుడూ లేదు. అప్పుడప్పుడు. రోజూ.

ఫోను మోగింది. ఇంకా ఎన్నున్నాయి అని సూపర్‌వైజరు.
రోజుకి ఇరవై చెయ్యాలి, ఇది పదకొండోది.
ఆయాసం దాచుకుని
త్వరగా చేసేస్తానండీ అన్నాను.
అప్పుడు టైము చూశాను. మూడు దాటింది.
ఇంతకుముందు ఎన్నిసార్లు చూశానో
నాకు తెలీదు, తవిటమ్మకి తెలుసు.

"మీ బాబు బడి ఇడిసేసుంతారు కదమ్మా.
ఎల్లండి.
నాది ఏదోటి రాసీయండి."

బడి గేటు దగ్గర వాచ్‌మన్ బెంచీ మీద
బ్యాగు విప్పకుండా కూర్చుని ఉంటాడు మావాడు.
అడిగితే ఆకలి లేదంటాడు.
అబద్ధం ఎవరి దగ్గర నేర్చాడో అడగను.

లేవబోతుంటే మంచినీళ్లు తెచ్చింది,
గ్లాసు రెండు మణికట్ల మధ్య పట్టుకుని.
తాగి ఫారం మీదే పెట్టేశాను.
ఏడో గడి చుట్టూ
తడి గుండ్రంగా దిగింది.

ఆఫీసులో ఆ కాగితం తిరక్కొట్టారు,
ఖాళీ వదలకూడదట.
ఆదివారం వెళ్తాను,
ఆవేళ ఇంట్లోనే ఉంటుంది కదా అనుకున్నాను.

ఆదివారం షెడ్డు ఉందట.
నాకూ ఉందిలెండి
ఏదో మీటింగు.