ఒక మాట తక్కువ

మమ్మల్ని అంకెలతో లెక్కపెట్టరు.
మనుషుల్ని ఒకటి, రెండు అనకూడదని మాలో పాత పట్టింపు,
ఎక్కడో ధాన్యం కొలిచేవాళ్లు
మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అంటారట, అలాగ.
బస్సు కదిలే ముందు ప్రతిసారీ
లూరీ సార్ నడవలో నిలబడి
పది మాటల ప్రార్థన వాక్యం చదువుతాడు,
తలకో మాట.
రెండు వాక్యాలు, మీద మూడు మాటలు:
అందరం ఉన్నట్టే.
డ్రైవర్ వీతస్ గేరు వేస్తాడు.

కేప్‌టౌన్‌లో ఇప్పుడు చలి, వాన.
ఇక్కడ లిథువేనియాలో రాత్రి పదైనా పొద్దు గూకదు.
శనివారం ముగియాలంటే ఆకాశంలో మూడు చుక్కలు కనబడాలి.
చుక్కలు రావు. ఫోన్లు సొరుగులో. కడుపులో ఎలుకలు.
టాలియా కిటికీకి ముక్కు ఆనించి
ఆకాశాన్ని పేరు పెట్టి తిడుతుంది.

పది వారాల చదువు మాది.
మూడు ఇక్కడ, ఏడు జెరూసలేంలో.
పొద్దున హీబ్రూ వ్యాకరణం,
మధ్యాహ్నం అడవిలో గోతులు,
సాయంత్రం ఐస్‌క్రీం.
దేని తర్వాత ఏది రావాలో ఎవరికీ తెలిసినట్టు లేదు.
గోతుల దగ్గర నాకు ఏడుపు రాలేదు.
మర్నాడు హోటల్ వాష్‌బేసిన్‌లో సాక్సులు పిండుతుంటే వచ్చింది.

బుధవారం మా ముత్తాత పుట్టిన ఊరు.
ప్రార్థనా మందిరం ఇప్పుడు ఫైర్ స్టేషన్.
శ్మశానం తాళంచెవి ఓనా అనే ముసలమ్మ ఇంట్లో,
కోళ్ల గూడు పక్కన మేకుకి.
ఎంతమంది వచ్చారని అడిగింది.
సార్ నవ్వి చేయి ఊపాడు, లెక్క చెప్పలేదు.

రాళ్లు వెనక్కి వాలిపోయి ఉన్నాయి,
భోజనం ఎక్కువైనవాళ్లలా.
నాచు కింద అక్షరాలు కళ్లకి అందవు.
వేళ్లతో చదివాను.
బా... స్... యా.
ముత్తాత వాళ్లమ్మ.
ఎయిర్‌పోర్టులో నానమ్మ నా అరచేతిలో మడిచిపెట్టిన కాగితంలో ఇదే పేరు,
కింద ఒకే ఒక్క వాక్యం:
అక్కడ ఆమె కోసం కద్దిష్ చెప్పించు, తొంభై ఏళ్లుగా ఎవరూ చెప్పలేదు.

కద్దిష్‌కి పదిమంది కావాలి.
పదిమంది మగవాళ్లు.
సార్ తన గుండె మీద చేయి వేసుకుని మొదటి మాట అన్నాడు,
అబ్బాయిల మీదుగా చూపు నడిపించాడు.
తొమ్మిదో మాట దగ్గర వాక్యం ఆగిపోయింది.
పదోవాడు రఫీ, కౌనస్ హోటల్లో
బీట్‌రూట్ చారుతో పోట్లాడుతూ పడుకున్నాడు.
వీతస్ సిగరెట్ ఆర్పి, నేను రానా అన్నట్టు ఓ అడుగు వేశాడు.
సార్ అతని భుజం తట్టాడు.
చుట్టూ పదముగ్గురం ఆడపిల్లలం, గడ్డిలో, తడి బూట్లతో.

"బస్సులో నేను కూడా మాటనే కదా సార్?"
టాలియా గొంతు. నాది కాదు. నాది అయి ఉండాల్సింది.

సార్ కళ్లజోడు తీసి చొక్కాకి తుడిచాడు.
మళ్లీ తుడిచాడు.
"మా నాన్నగారైతే కుదరదనేవారు."
"మీరేమంటారు?"

జవాబు వచ్చేలోపు కంచె అవతల బంతి చప్పుడు.
ఆ ఊరి పిల్లలు, బాస్కెట్‌బాల్.
మావాళ్లు ముగ్గురు అప్పుడే కంచె దూకేశారు.
తొమ్మిది ఆరయింది.
నాకు నవ్వొచ్చింది, శ్మశానంలో, గట్టిగా,
బాస్యాకి వినిపించేంత.

మ్యూజెన్‌బర్గ్ ఒడ్డున ఏరిన గులకరాయి ఆమె తల మీద పెట్టాను.
సముద్రం వాసన ఇంకా ఉందేమో అని
ముందు ఒకసారి మూచూశాను.
పేరు చెప్పాను. ఆమెది, తర్వాత నాది.
నానమ్మకి ఏం రాయాలో ఆలోచించలేదు.
ఇప్పటికీ ఆలోచించలేదు.

బస్సులో సార్ మళ్లీ నడవలో నిలబడ్డాడు.
మాట, మాట, మాట.
నా సీటు దగ్గరికి వచ్చేసరికి పదోది,
వాక్యంలో చివరి మాట.
దాని అర్థం ఎప్పటికీ.
ఆయన ఒక్క క్షణం ఆగాడు.
నా వంక చూడకుండానే
మామూలు కన్నా కొంచెం మెల్లగా అన్నాడు.

రెండు వాక్యాలు, మీద రెండు మాటలు.
వీతస్ గేరు వేశాడు.
వెనక సీట్లో ఎవరో
ఇరవై ఒకటికి ఎనిమిది అంటే అంత ఘోరమైన ఓటమి కాదని
వాదిస్తున్నారు.