లీకు

సరస్సు గడ్డకట్టిందా?
ఉషియామా గారు వస్తూనే అడిగే మాట అదే.
కొలిమి గురించి తర్వాత.

కొలిమి బాగానే ఉంది. ఏడువందల యాభై డిగ్రీలు.
క్వార్ట్జ్ గొట్టంలో, గోరంత సిలికాన్ పలక మీద
ఇనుము పూత. పూత అనడానికి కూడా మొహమాటపడేంత పల్చన.
వేడికి ముడుచుకుని చుక్కలు చుక్కలుగా విడిపోతుంది.
గ్యాసు వదిలితే
ఒక్కో చుక్క మీంచీ ఒక బొగ్గు పోచ లేస్తుంది,
కోటానుకోట్లు,
విడిగా ఏదీ నిలబడలేక
ఒకదాన్నొకటి ఆనుకుని నిటారుగా.

బయటికి తీస్తే నల్లటి మఖమల్ ముక్క.
దానిమీద పడ్డ వెలుగు తిరిగి రాదు.
ఒక్క మిల్లీమీటరు ఎత్తుకి
జూన్ నెలంతా పండగ చేసుకున్నాం.
పండగంటే, ఆవిడ డబ్బాలోంచి తలా ఒక ఉప్పులో ఊరిన ఉమె కాయ.

అక్టోబరులో నేనొక మంచి పని చేశాను.
గొట్టం చివర రబ్బరు రింగు పగిలి ఉంటే
ఎవరూ చెప్పకుండానే మార్చాను.
హీలియంతో వెతికాను. ఎక్కడా పిసరంత గాలి దూరదు.
లాగ్‌బుక్‌లో రాసి, కింద సంతకం కూడా పెట్టాను: మొమోసె.

ఆ రోజు నుంచి అడవి మొలవడం మానేసింది.

మసి. ఉత్త మసి.
సిలిండర్లు మార్చాం, పలకలమ్మేవాణ్ణి తిట్టాం,
నెలన్నర.
డిసెంబరులో ఒక రాత్రి ఆవిడ
లాగ్‌బుక్ తిరగేస్తూ, వాన పడ్డ రోజులకి
ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ వచ్చి
నా సంతకం దగ్గర ఆగారు.
ఏమీ అనలేదు.
టీ కెటిల్ వైపు చూశారు.
"దాహానికి చచ్చిపోతున్నట్టున్నాయి."

ఇప్పుడు గ్యాసు చిన్న నీళ్ళ సీసాలోంచి
బుడగలు కట్టుకుంటూ వెళ్తుంది.
ఎంతో కాదు, లక్షలో పదో పదిహేనో పాళ్ళ తడి.
ఇనుము చుక్కలకి మసి పట్టకుండా
అది చూసుకుంటుంది.
ఇన్నాళ్ళూ ఆ పగుల్లోంచి దొంగచాటుగా వచ్చి
పని చేసి పోయింది అదే.
నేను తలుపేశాను.

అడవి అంచుని పట్టకారుతో గిల్లి లాగితే
పట్టుకాయ విప్పినట్టు దారం వస్తుంది.
ఒకాయా ఒకప్పుడు పట్టు తీసిన ఊరే,
ఆవిడ వేళ్ళకి నేను నేర్పేదేముంది.
ఆ దారం చేతితొడుగులో కుట్టి, బ్యాటరీ తగిలించి
సరస్సు మీద పడవలో చేపలు పట్టే కుబొతాకి ఇచ్చాం.
బొటనవేలొక్కటే వెచ్చగా ఉందట.
మిగతా నాలుగూ మామూలేనట.

అదీ లాగ్‌బుక్‌లో రాసుకున్నాను.
పాత రింగు పారేయలేదు.
నా సొరుగులో ఉంది,
పగులు పైకి కనపడేలా.