గాలికి గడప

తాడిపత్రిలో ఇరవై ఏండ్లు
నల్లబండలు తోమిన చెయ్యి.
మొగం కనపడకపోతే కూలి రాదు.

ఇప్పుడు హుసేనప్ప షెడ్డులో
పాత యెజ్డీ విప్పుకోని కూసున్నా.
కేసు మీద గాస్కెట్ పరిస్తే
ట్రాన్స్‌ఫర్ పోర్టు నోట్లోకి గోరంత అంచు.

"గాలికి గడప అడ్డమొచ్చింది చూడు.
తట్టుకోని పడతాది పాపం. తీసెయ్."

ఆకురాయి పట్టి తీసినా.
కార్బురేటర్ తట్టు దారి గూడా
అద్దం చేద్దామని ఎమరీ చుట్టేసరికి
మణికట్టు పట్టుకున్యాడు.

"ఆడ కొంచిం గరుకుండనీ.
మరీ నునుపైతే పెట్రోలు గోడకే అంటుకుంటాది,
గాలితో కలవదు."

పొద్దు గూకినాక, దూరంగా, పెన్నా వంతెన మీద
మూడో గేరులో బండి గొంతు మారింది.
హుసేనప్ప బీడీ పారేసి విన్యాడు.

నేనేమో
మొగం కనపడని పనికి
కూలెంత అడగాల్నో తెలీక
కిరసనాయిల్లో చేతులు కడుగుతా ఉండా.