నువ్వు ఊరికే నిలబడు నాన్నా

బుధవారం సాయంత్రం
బెండిగోలో మా వీధంతా చెత్తడబ్బాల చప్పుడు.
పచ్చ మూత, పసుప్పచ్చ మూత, ఎర్ర మూత.
ఏ వారం ఏది బయట పెట్టాలో
నాకెప్పుడూ గుర్తుండదు.
ఆరేళ్ళ లోహితకి గుర్తుంటుంది.

డబ్బా సరిగ్గా దాని గడ్డం దాకా వస్తుంది.
రెండు చేతులా పిడి పట్టుకుని
ఇరుసు మీద కాలు తన్నిపెట్టి
ఒళ్ళంతా బరువు చేసుకుని వెనక్కి వాలుతుంది.
డబ్బా కదలదు. పిల్ల జారుతుంది.
నా చేతులు వాటంతటవే ముందుకు పోతాయి.

"నువ్వు ఊరికే నిలబడు నాన్నా."

ఊరికే నిలబడ్డం ఎంత పనో
ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదు.

మా ఇంట్లో మగపిల్లాడు కంచం తీస్తే
ఇంటికి అరిష్టమన్నట్టు చూసేవాళ్ళు.
తిన్న కంచంలోనే చెయ్యి కడిగి లేచిపోయేవాణ్ణి.
అదెటు పోయేదో, రాత్రికి మళ్ళీ
తళతళా ఎలా వచ్చేదో
చంద్రుడి సంగతి ఎంత తెలుసో అదీ అంతే తెలుసు.
ఇరవయ్యారో ఏట ఈ దేశంలో దిగి
మొదటిసారి నేను వండిన అన్నానికి
స్మోక్ అలారం ఏడ్చింది.
గొడుగేసుకుని కిటికీలన్నీ తెరుస్తూ తిరిగాను,
పైనుంచి నీళ్ళు పడతాయేమోనని.
అదంతా ప్రేమే అనుకున్నారు మావాళ్ళు.
ప్రేమే, కాదనను.
అన్నం మాత్రం మాడింది.

సౌదామిని ఆస్పత్రికి తెల్లారుజామునే వెళ్ళే వారాల్లో
వంటింట్లో ముక్కాలిపీట లోహితది.
మొదటి గుడ్డు గట్టు మీద,
రెండోది నా చొక్కా మీద,
మూడోది గిన్నెలోనే పడింది, పెంకుతో సహా.
కరకరలాడుతోందన్నాను.
అబద్ధం కాదు.

పెరట్లో గొడుగులా తిరిగే దండెం ఉంది.
అందేదాకా కిందికి దించుకుని
బట్టలు లోహిత ఆరేస్తుంది.
క్లిప్పులందించే ఉద్యోగం మూడేళ్ళ కౌశిది.
రంగు చెప్పి మరీ అందిస్తాడు.
వాడికి అన్నీ నీలమే.
ఒకరోజు నా తెల్లచొక్కా
ఒక్క చేతికే క్లిప్పు పెట్టుకుని వేలాడింది,
క్లాసులో ఒంటికి వెళ్ళొస్తానని అడిగే పిల్లాడిలా.
పిల్లలు పడుకున్నాక
టార్చి పట్టుకుని వెళ్ళి
చొక్కాని సరిచేశాను. సాక్సుల్ని జతకలిపాను.
దొంగపని అని తెలీదు నాకు.

పొద్దున్నే చూసింది.
మంచు పట్టిన గడ్డిలో చెప్పుల్లేకుండా నిలబడి చూసింది.
ఏమీ అనలేదు.
నాలుగురోజులు క్లిప్పుల బుట్ట ముట్టుకోలేదు.
గుడ్డు కూడా, "నువ్వే కొట్టు, నీకే వచ్చు" అంది.

ఆ మాట మీద పడుకున్నాను చాలా రాత్రులు.

అందుకే ఇప్పుడు
చేతులు రెండూ చంకల్లో దోపుకుని
జూలై చలిలో ఇలా నిలబడతాను.
డబ్బా ఒకసారి పక్కకి పడింది.
పాల సీసా ఒకటి దొర్లుకుంటూ కాలవ దాకా పోయింది.
పెదవి కొరుక్కున్నాను, చంకలు గట్టిగా బిగించాను.
అదే ఏరింది. అదే లేపింది.
ఏదో గొణిగింది డబ్బాతో, నాకు తెలీని ఇంగ్లీషులో.
వాలింది. వంగింది. కదిలింది.
గరగరా గరగరా రోడ్డంచు దాకా.
చక్రాలు ఇంటి వైపుకి తిప్పి
అరచేతులు ఫ్రాకుకి తుడుచుకుంది.

నా వైపు చూస్తుందనుకున్నాను.
భేష్ అనే మాట నాలిక చివర పెట్టుకున్నాను.
అది పక్కింటి వైపు చూస్తోంది.
"డోరీన్ గారి డబ్బా ఇంకా లోపలే ఉంది.
ఆవిడకి మోకాలు ఆపరేషనయింది కదా.
అడిగొస్తా."

"నేనూ రానా?"

జవాబు తెలిసిందే.

తలుపు తెరుచుకుంది. నేల మీద
చాపంత వెలుతురు పడింది.
ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు.
కాసేపటికి
చీకట్లోంచి, కాస్త వంకరగా,
ఇంకో జత చక్రాల చప్పుడు.