ఏడో విమానం

థర్మాకోల్ రెక్కలు, ఫెవిక్విక్ ఎముకలు.
నల్లపాడు దాటాక బీట్లో
సుభానీ చేతిలోంచి లేచింది
మా ఏడో విమానం.

పదకొండు సెకన్లు నేను పైలట్‌ని.

తర్వాత అది నా వైపు తిరిగింది.
అప్పుడు ఎడమ కుడవుతుందని
నాకు తెలుసు. బొటనవేలికి తెలీదు.
పక్క కళ్ళంలో, ఎండుమిర్చి రాశిలోకి
ముక్కుతో దిగబడింది.
పంకా మాత్రం ఆగలేదు.

కుక్కతో సహా అందరం తుమ్మాం.

తాలుకాయలు ఏరుతున్న కోటిరత్నం
కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని అడిగింది:
"మళ్ళీ ఎగురుద్దా ఇది?"
"ఎగురుద్దమ్మా."
"అయితే ఇటు రావద్దని చెప్పు దానికి."

చెబుతూనే ఉన్నాను,
రెండు పుల్లలూ పట్టుకుని,
ఆరు విమానాల నుంచీ.

సంచీలో ఇంటికొచ్చింది, నాలుగు ముక్కలుగా.
మా ఆవిడ సంచీ విప్పింది, తుమ్మింది,
"ఇంత ఘాటుంది, కాయలేవండీ?" అంది.